ఆరు వందల గజాల లోపు ఎండ తగలదా?

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ఎండను వెనక్కి కొట్టే తెల్లటి పూతో, పలకలో ఇంటి కప్పు మీద ఉండాలన్నది దాని సారం. రాష్ట్రమంతా కలిపి 300 చదరపు కిలోమీటర్ల మేర ఇలాంటి కప్పులు రావాలని లక్ష్యం కూడా పెట్టుకున్నారు. మంచి పనే. కానీ అందులో ఒక గీత గీశారు. నివాస గృహాల్లో 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే వాటికి ఇది తప్పనిసరి. అంతకన్నా చిన్న స్థలమైతే యజమాని ఇష్టం.

అంతకు ఐదేళ్ల ముందు, 2018లో, కేంద్రం ‘ఎకో నివాస్ సంహిత’ తెచ్చింది. గోడల్లోంచి, కప్పులోంచి ఇంట్లోకి ఎంత వేడి దిగవచ్చో హద్దు కట్టిన నియమావళి అది. అక్కడ గీత 500 చదరపు మీటర్ల దగ్గర పడింది. లెక్క వేసి చూడండి, దాదాపు అవే 600 గజాలు.

ఆరు వందల గజాల్లో ఇల్లు కట్టేది ఎవరు? ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పేదలకు పంచిన ఇంటి స్థలం ఒక సెంటు. అంటే 48 గజాల చిల్లర. అలాంటి పన్నెండు కుటుంబాల జాగా ఒక్కరి పేరు మీద ఉంటే తప్ప ఈ నియమాల కంటికి ఇల్లు ఆనదు. ఎందుకిలా జరిగిందో ఆలోచిస్తే కడుపు మండుతుంది. ఈ నియమాలు రాసినవాళ్లు కరెంటు యూనిట్లు లెక్కపెట్టారు. ఏసీలు తిరిగే ఇంట్లో ఆదా చేయడానికి యూనిట్లు ఉంటాయి. ఏసీయే లేని ఇంట్లో ఆదా ఏముంటుంది? అందుకని ఆ ఇల్లు లెక్కలోకే రాలేదు. ఆ ఇంట్లో ఉడికిపోయే మనిషి ఏ మీటరులోనూ తిరగడు కాబట్టి అతనూ లెక్కలోకి రాలేదు.

ఆ ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలి. పైన నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు. మే నెలలో పొద్దున ఎనిమిదింటి నుంచే కాగడం మొదలవుతుంది. నడినెత్తి ఎండకు దాని పైభాగం అరవై డిగ్రీలు దాటిపోతుంది. ఆ వేడి అడుగుకు దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అంటే బయట పొద్దు వాలి కాస్త గాలి తిరిగే వేళకు లోపల కాక మొదలవుతుంది. రాత్రి పదింటికి, అర్ధరాత్రికి కూడా ఆ కప్పు పొయ్యి మీంచి దించిన పెనంలా వేడి కక్కుతూనే ఉంటుంది. ఫ్యాను వేస్తే ఆ వేడి గాలినే కిందికి తోస్తుంది. పగలంతా ఎండలో కూలి చేసిన ఒళ్లు తేరుకోవడానికి ఉన్నది ఒక్క రాత్రి. ఆ రాత్రి కూడా దక్కడం లేదు. రెండు రోజులు, మూడు రోజులు నిద్రలేక, తేరుకోక నలిగిన ఒంటికి వడదెబ్బ తగలడానికి ఎంతసేపు పడుతుంది?

గడప దాటని వాళ్ల సంగతి ఇంకా ఘోరం. నిజామాబాద్, జగిత్యాల జిల్లాల్లో ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఫ్యాను వేసుకోవడానికి కూడా లేదు. గాలికి తంబాకు ఎగిరిపోతుంది, తడిపిన ఆకు ఎండిపోతుంది. మంచం దిగలేని ముసలివాళ్లు, పసిబిడ్డతో తలుపులు మూసుకుని పడుకునే బాలింతలు, పొయ్యి దగ్గర నిలబడే ఇల్లాలు, వీళ్లంతా రోజంతా ఆ కప్పు కిందే. ఇక రేకుల ఇళ్లయితే చెప్పనక్కరలేదు. పగటి పూట అందులో కూర్చోలేక చెట్టు కిందకో గుడి అరుగు మీదకో పోయేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఇదంతా మనకు తెలియక జరిగి ఉంటే ఇంత కోపం రాదు. ఎండలో ఇల్లు ఎలా కట్టాలో ఈ నేల మీద మనుషులకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? రాయలసీమ మట్టి మిద్దె చూడండి. రెండడుగుల మందం రాతి గోడ. దూలాల మీద దంతెలు, వాటి మీద బండలో కట్టెలో పరిచి, పైన మందంగా మన్ను, ఆపైన వాన నీరు ఇంకకుండా చౌడు. పగటి వేడి అంత మందం దాటి లోపలికి వచ్చేలోపే పొద్దు గుంకుతుంది. వచ్చినా పస తగ్గి వస్తుంది. నడుమ కప్పులో గవాచి. వెలుతురు కిందికి దిగుతుంది, వేడి గాలి పైకి పోతుంది, వాన వస్తే బండ కప్పుతారు. కోస్తాలో మండువా లోగిలి ఇంకో దారి పట్టింది. నడుమ ఆకాశం, చుట్టూ లోతైన వసారాలు. గోడకు ఎండే తగలనివ్వదు. పెంకుల సందుల్లోంచి కాక బయటికి జారిపోతుంది. వీటిని కట్టిన మేస్త్రీలు ఏ కాలేజీలోనూ చదవలేదు. పడమటి పొద్దు ఏ గోడను కాలుస్తుందో, వేసవి గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో చూసి కట్టారు.

ఎవరినీ గుడిసెలకు పొమ్మనడం లేదు. 1977 నవంబరు ఉప్పెన చూసిన దివిసీమ వాళ్లతో తాటాకు ఇల్లు చల్లగా ఉంటుందని చెప్పే హక్కు ఎవరికీ లేదు. నిప్పు రవ్వకు వాడలు వాడలే కాలిపోయిన చోట స్లాబు ఇల్లు భద్రత, పరువు. స్లాబే ఉండనివ్వండి. ఆ స్లాబును చల్లగా ఉంచే మార్గాలు లేవా? తిరువనంతపురంలో లారీ బేకర్ దశాబ్దాల పాటు కట్టి చూపించారు. స్లాబు అడుగు భాగంలో పనిలేని కాంక్రీటు తీసేసి మంగళూరు పెంకులు పెట్టి పోస్తే సిమెంటూ తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. ఇటుకను నిలబెట్టి నడుమ ఖాళీ వదిలి గోడ కడితే దాదాపు నాలుగో వంతు ఇటుక మిగులుతుంది, ఆ ఖాళీలోని గాలి ఎండను ఆపుతుంది. ఆయన 2007లో కన్నుమూశారు. మన పేదల ఇళ్లలో ఎన్నింటికి ఆ పద్ధతులు చేరాయి?

అంత దూరం పోవద్దు. 2017లో హైదరాబాద్‌లోనే, దేవరకొండ బస్తీలో, పాతిక పేద ఇళ్ల కప్పుల మీద చల్లదనపు పొర పరిచి చూశారు. ఇంటి లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అని ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకు అనిపించవచ్చు. నిద్ర పట్టే రాత్రికీ పట్టని రాత్రికీ తేడా అంతే ఉంటుంది. పాతిక ఇళ్లలో రుజువైన పని పాతిక లక్షల ఇళ్లకు చేరకుండా ఏది అడ్డుపడింది? ఏటా పండగకు ఇంటికి సున్నం కొట్టుకునే జనం మనం. ఆ సున్నాన్నే స్లాబు మీద రెండు పూతలు వేయడానికి ఏ విదేశీ పరిజ్ఞానం కావాలి?

అడ్డుపడింది అలక్ష్యం. మరో మాట లేదు. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, గోడ మీద బొమ్మలు మారాయి. స్లాబు మారలేదు. లేఅవుట్ గీసేటప్పుడు ఎకరంలో ఎన్ని ఇళ్లు పడతాయన్నదే ప్రశ్న. ఏ ఇంటి ముఖం ఎటు ఉందో, గాలి ఒకవైపు నుంచి వస్తే ఇంకోవైపు పోవడానికి దారి ఉందో లేదో అడిగినవాళ్లు లేరు. గోడకు గోడ ఆనించారు. కిటికీ మీద సజ్జా ఖర్చని తీసేశారు. వెంటిలేటరు అనవసరమన్నారు. చెట్లన్నీ కొట్టి చదును చేసి, తర్వాత హరితం పేరుతో రోడ్డు పక్కన మొక్కలు నాటి ఫొటోలు దిగారు. ఇంజినీరు పై నుంచి వచ్చిన నమూనా అంటాడు, కాంట్రాక్టరు రేటు గిట్టదంటాడు, అధికారి నిధులు లేవంటాడు. గృహప్రవేశం రోజు రిబ్బను కత్తిరించిన నాయకుల్లో ఒక్కరంటే ఒక్కరు మే నెలలో ఆ ఇంట్లో ఒక రాత్రి పడుకుని చూశారా?

2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. అది సర్కారు ఒప్పుకున్న లెక్క. తహసీల్దారు, ఎస్సై, డాక్టరు కలిసి ధ్రువీకరిస్తే తప్ప ఆ లెక్కలో చోటు దొరకదు. రాత్రి చాప మీద నిద్రలో పోయిన ముసలమ్మ ఏ లెక్కలోకి వస్తుంది? గుండె ఆగిందని రాస్తారు. గుండె ఎందుకు ఆగిందో ఆ కప్పును అడగరు. 2025లో తెలంగాణ వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి నాలుగు లక్షలు ఇస్తామంది. ఇవ్వండి, తప్పక ఇవ్వండి. కానీ శవానికి నాలుగు లక్షలు కట్టగల ఖజానా, బతికుండగా ఆ మనిషి తల మీద సున్నం పూతకు చాలదా?

చిన్న ఇళ్లకు కూడా తప్పనిసరి చేసి జరిమానాలు వేయమని అడగడం లేదు. పూత ప్రభుత్వమే వేయించాలి. పేదల ఇంటి ఎస్టిమేట్‌లో కప్పు చల్లదనానికి ఒక పద్దు ఉండాలి, అది లేనిదే చివరి బిల్లు పాసవకూడదు. ఇప్పటికే కట్టిన కాలనీల్లో ఏటా ఫిబ్రవరిలో డాబాలు కడిగి మళ్లీ సున్నం వేసే పని ఉపాధి కూలీలకే ఇవ్వాలి. దుమ్ము పట్టిన తెలుపు పనిచేయదు కాబట్టి ఒకసారి వేసి మర్చిపోతే కుదరదు. మార్చి దాటకుండా ఇది జరగాలి. ఏప్రిల్ వచ్చేసరికి మీ హెచ్చరికలు మొదలవుతాయి, పన్నెండు నుంచి మూడింటి దాకా బయటికి రావద్దని, ఇంటి పట్టునే ఉండమని. ఏ ఇంట్లో ఉండమంటున్నారో ఆ ఇంటి కప్పుకు ఈ ఏడాది ఏం చేశారో, కలెక్టర్లు, హౌసింగ్ ఇంజినీర్లు, మంత్రులు ముందు ఆ జవాబు చెప్పాలి.