రాజాబాయి గంట గోపురము

ముంబయి నగరమునకు బోవువారు సముద్రతీరమును, అంగళ్లను జూచి మరలుట వాడుక. కోట ప్రాంతమున, ఓవల్ మైదానపు టంచున, విశ్వవిద్యాలయపు టావరణములో నొక గడియారపు గోపురము గలదు. అది యొక తల్లి పేరు మోయుచున్నది కావున నీ మాసము దానిని గూర్చి ముచ్చటింప దలచితిమి.

ప్రత్తి వర్తకమున మిక్కిలి ధనము గడించిన ప్రేమచంద్ రాయచంద్ 1864 లో గ్రంథాలయమునకు రెండు లక్షలును, గోపురమునకు రెండు లక్షలును రూపాయలొసగి, గోపురమునకు దన తల్లి రాజాబాయి పేరుంచ గోరెను. మరుసటి యేడు అమెరికా యుద్ధము ముగిసి ప్రత్తి వెల పడిపోగా నాతని కలిమి చాలవరకు గరగిపోయెను. దానము మాత్రము నిలిచెను. ఆ తల్లికి చూపు లేదనియు, ప్రొద్దు గ్రుంకకమున్నే భుజింపవలయునను జైనాచారమును దప్పకుండుట కీ గంట తోడ్పడెననియు జెప్పుకొందురు.

1869 మార్చి 1 వ తేదీన శంకుస్థాపనము జరిగెను. 1878 నవంబరులో పని ముగిసెను. మొత్తము ఎత్తు 280 అడుగులు. అడుగున బండ్లు నిలుచు ముఖమండపము. 68 అడుగుల వరకు జతురస్రము. అటుపై 118 అడుగులు అష్టకోణము. మీది 94 అడుగులు శిఖరము. లేత పసుపువన్నె కుర్లా రాయి, రంగుటద్దముల కిటికీలు, పశ్చిమ హిందూదేశపు జనుల వేషములు దాల్చిన రాతిబొమ్మలు దీని సొంపులు. పూర్వము గంటలు 16 రాగములు పలికెడివి; తరువాత పావుగంట కొకసారి యొక్క రాగమే మిగిలినది. 2018 లో యునెస్కోవారు ముంబయిలో బ్రపంచ వారసత్వముగా నెన్నిన కట్టడముల సమూహములో నిదియు జేరినది.

దీనిని రచించిన ఆంగ్ల శిల్పి గిల్బర్టు స్కాటు హిందూదేశమున నడుగే పెట్టలేదు. పని ముగియు నేడాదియే, 1878 మార్చిలో, మరణించెను.

మా మనసున నాటినది వేరొకటి. గోపురము లేచిన నాటికి ఆ విశ్వవిద్యాలయమున నొక్క స్త్రీయైనను పట్టము పొందియుండలేదు. కార్నీలియా సొరాబ్జీ మొదటి పట్టభద్రురాలగుటకు మరికొన్ని యేండ్లు పట్టెను. తల్లి పేరు శిఖరమున కెక్కినను, కూతుండ్రు గడప దాటుటకు వేచియుండవలసి వచ్చెను. తల్లి పేర దానము సేయ దలచువారు ఒక బాలిక చదువును గూడ దలచుకొందురుగాక యని మా మనవి.