ఫ్యూజ్ నక్కో అన్నది నేనే

సెకండ్‌హ్యాండ్ కారు కొన్న కొత్తలో అందులో ఆంప్లిఫయర్, డిక్కీలో ఒక ఊఫర్ పెట్టించాను. అమ్మీని చూడటానికి హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లినప్పుడల్లా దారంతా నాతులు, ఖవ్వాలీలు వినాలని పిల్లల జిద్. (జాయిజా నాజాయిజా అన్న బహస్ ఇక్కడ వద్దు. తీగకు నాత్ అయినా సినిమా పాట అయినా ఒకటే.) పని సఫాయిగా చేశారనిపించింది. ఒక్క తీగ కూడా పైకి కనపడలేదు. కాకపోతే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లలో సన్నగా దోమ రొద. ఇంజన్ వేగం పెరిగే కొద్దీ దాని గొంతూ పెరిగేది. జడ్చర్ల దాటేసరికి తల దిమ్మెక్కేది. మా చిన్నోడు దానికి ‘మచ్ఛర్ సాబ్’ అని పేరు పెట్టాడు.

చివరికి మా మొహల్లాలో అరవై దాటిన ఒక ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పాట పెట్టమనలేదు. డోర్ కింద కాలు పెట్టే చోట ఉండే ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, కార్పెట్ లేపారు. బ్యాటరీ నుంచి వచ్చే లావు ఎర్ర తీగ, పాటను మోసే ఆర్‌సీఏ తీగ ఒకే టేపులో కట్టగట్టి ఉన్నాయి. “మియా, ఇవి సవతులు. ఒకే పక్క మీద పడుకోబెడితే రాత్రంతా లడాయే” అన్నారు. కరెంటు తీగ కారుకు ఒక వైపు నుంచి వెళ్తే సిగ్నల్ తీగ రెండో వైపు నుంచి వెళ్లాలి. ఎక్కడైనా దాటక తప్పకపోతే అడ్డంగా దాటాలి. ఎర్త్ తీగనేమో రంగు గీకకుండానే బోల్టు కింద బిగించేశారు. రంగు మీద ఎర్త్ నిలబడదు. మచ్ఛర్ సాబ్ పుట్టింది అక్కడే.

తర్వాత ఆయన బానెట్ ఎత్తి చాలాసేపు ఏమీ అనలేదు. ఇంజన్‌కీ మనం కూర్చునే చోటికీ మధ్య ఉన్న ఇనుప రేకులో రంధ్రం చేసి తీగ దూర్చారు. రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ లేదు. రేకు అంచు తీగ తొడుగును అప్పటికే సగం కోసేసింది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు.

“ఫ్యూజ్ నక్కో బోలే క్యా?”

అవును, నేనే వద్దన్నాను. ఫ్యూజు, హోల్డరు, గ్రోమెట్టు, తీగ మీద తొడిగే పైపు అన్నీ కలిపి ఆరు వందలు అలగ్ అవుతుందని దుకాణంలో ఆ కుర్రాడు చెప్పాడు. ఇంకో దుకాణంలో ఇవన్నీ కలిపే ఇస్తున్నారని నేను ఝూఠ్ చెప్పి ఆ ఆరు వందలు కొట్టేయించాను.

ఆరు వందలతో ఏం కొట్టేయించానో ఉస్తాద్ చెబితే అర్థమైంది. ఇంట్లో వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె 230 వోల్టుల మీద నాలుగు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. కారులో ఉన్నవి 12 వోల్టులే కాబట్టి 600 వాట్లకే 50 ఆంపియర్లు కావాలి. కారు బాడీ అంతా నెగటివ్. తొడుగు తెగి ఆ తీగ బాడీకి తగిలితే బ్యాటరీ ఒక్కసారిగా వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది, తీగ కాలుతుంది. ఆంప్లిఫయర్‌కు సొంత ఫ్యూజు ఉంది కదా అని అడిగాను. అది ఆంప్లిఫయర్‌ను కాపాడుతుంది. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా పోయే తీగను కాపాడేది తీగ లావుకు తగిన ఫ్యూజు, అదీ బ్యాటరీకి 18 అంగుళాల లోపు ఉండాలి. ఆ తీగ వెళ్లేది నా పిల్లలు కాళ్లు పెట్టుకునే కార్పెట్ కింద.

ఇలాంటిది బయటపడగానే మనం ఆ పిల్లల్ని అనాడీలనీ అన్‌పఢ్‌లనీ అనేస్తాం. నేను ఒప్పుకోను. ఆ కుర్రాడికి తెలుసు. చెప్పాడు కూడా. టచ్ స్క్రీన్‌కీ ఊఫర్ చుట్టూ వెలిగే నీలి లైటుకీ మారు మాట్లాడకుండా డబ్బిచ్చే మనం, కార్పెట్ కింద ఉండేదాని దగ్గరికి వచ్చేసరికి బేరం మొదలుపెడతాం. దుకాణదారు ఎక్కడో మిగుల్చుకోవాలి కదా. రాగి తీగ పోయి రాగి పూత పూసిన అల్యూమినియం తీగ వస్తుంది. పైన తొడుగు అంతే లావు, కొస గీకితే లోపల తెల్లగా ఉంటుంది. అదే మందాన అల్యూమినియం మోసేది రాగి మోసేదాంట్లో 60 శాతమే. హీట్ ష్రింక్ గొట్టం బదులు నల్ల టేపు చుడతారు, మే నెల ఎండకు అది బంకై ఊడుతుంది. పదహారేళ్లకు షాగిర్ద్‌గా చేరిన పిల్లాడు చూసి నేర్చుకునేది ఈ పనే. నేర్పింది ఉస్తాద్ కాదు, గిరాకీ.

పైన పొడి ధాన్యం పోసి అడుగున తడిది దాచిన వ్యాపారి వాకియా జుమా బయానుల్లో ఎన్నిసార్లు విన్నామో. ఎప్పుడూ అమ్మేవాడి వైపు నుంచే విన్నాం. అడుగున తడిదే పెట్టు, ధర తగ్గించు అన్న గిరాకీని నేను.

పిల్లల్ని ఈ దుకాణాల్లో పెట్టే తల్లిదండ్రులకూ ఒక గుజారిష్. రోజుకు ఎంతిస్తారని అడుగుతున్నారు, మీటరు పట్టి చూడటం నేర్పుతారా అని కూడా అడగండి. స్కూల్లో నేను ‘బర్ఖీ రౌ’ అని చదివాను, తర్వాత తెలుగులో అది ‘విద్యుత్ ప్రవాహం’ అయింది, దుకాణంలో అందరికీ ‘కరెంట్’. ఈ మూడు మాటల్లో ఏదీ ఫ్యూజు ఎక్కడ పెట్టాలో నాకు చెప్పలేదు, ఉస్తాద్ చెప్పాడు. 12 వోల్టులు షాక్ కొట్టవు కాబట్టి మన పిల్లలు బేఖౌఫ్‌గా విప్పి, తాకి, తప్పుచేసి నేర్చుకున్నారు. ఆ వెసులుబాటు పోతోంది. పసుపు తొడుగు తీగలు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి మీద చేయి పడకూడదు. ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తీగల్లో పారేవి వందల వోల్టులు. అక్కడ తజుర్బా కోసం ఒకసారి తాకి చూస్తే రెండోసారి ఉండదు.

ఉస్తాద్ తీగలన్నీ పీకి కొత్తగా వేశారు. మచ్ఛర్ సాబ్ రుఖ్సత్ అయ్యాడు. ఆ ఆరు వందలు ఇద్దామని మొన్న పాత దుకాణానికి వెళ్లాను. కుర్రాడు ఒక కారు డాష్‌బోర్డు కింద తల పెట్టి పడుకుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. నేను సలాం చెప్పేలోగానే అడిగాడు:

“ఫ్యూజ్ లగాలియే క్యా సాబ్?”