కళ్ళు నెత్తికెక్కిన రోబోలు

నాలుగు కాళ్ళ రోబో వీడియో ఏది బయటికొచ్చినా మనవాళ్ళు ముందు అడిగేది ఒకటే. ఎన్ని కెమెరాలున్నాయి, లైడార్ ఉందా అని. పాదాల సంగతి అడిగేవాడు ఒక్కడూ కనబడడు. మా టీములో అయితే "విజన్ మోడల్ పెద్దదైతే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది" అన్నది దాదాపు వేదవాక్కు. నాకీ భక్తి అస్సలు నచ్చదు. ఎందుకో చెప్తాను.

కరెంటు పోయిన రాత్రి మీ ఇంట్లో మీరెలా నడుస్తారు? గడప కాలికి తగలగానే ఎక్కడున్నారో తెలిసిపోతుంది కదా! 2020లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఎనీమాల్ అనే రోబోతో చేయించింది సరిగ్గా ఇదే. ముందే ఇచ్చిన మ్యాపు మీద "నేనిక్కడ ఉండొచ్చు" అని అది బోలెడు ఊహలు చల్లుకుంటుంది. పాదం నేలను తాకిన ప్రతిసారీ, ఆ ఎత్తు మ్యాపుతో కుదరని ఊహలు వెనకబడతాయి. కొన్ని అడుగులు పడేసరికి అసలు చోటు తేలుతుంది. మన పార్టికల్ ఫిల్టరే, కొత్త మంత్రమేం కాదు. కెమెరా, లైడార్ లేకుండా, ఎత్తుపల్లాలున్న నేల మీద పొరపాటు 10 సెంటీమీటర్ల దాకా తగ్గింది. చదునైన నేల మీద ఇది అంతగా పనిచేయదు, ఆ మాటా ఒప్పుకోవాలి. గడపే లేకపోతే కాలికి తగిలేదేముంది?

దారి సంగతి అలా ఉంచి, నడక మాటకొద్దాం. 2018లో ఎంఐటీ వాళ్ళ చీతా 3 కెమెరాలు లేకుండానే, చెత్త పడి ఉన్న మెట్లెక్కింది. 2020లో జ్యూరిక్ ఈటీహెచ్ బృందం కీళ్ళ కొలతలు, ఐఎంయూ రీడింగులు మాత్రమే ఇచ్చి ఎనీమాల్‌ని బురదలో, మంచులో, వాగులో నడిపించింది.

"కాలు పడ్డాక తెలిస్తే ఏం లాభం, గొయ్యి ముందే కనబడాలి కదా" అంటారు. నిజమే. వేగంగా పోవాలంటే చూపు కావాలి. అందుకే అదే ఈటీహెచ్ వాళ్ళు 2022లో ప్రచురించిన పనిలో రెండూ కలిపారు. ఆ రోబో ఎట్జెల్ కొండ మీద 120 మీటర్ల ఎత్తు 31 నిమిషాల్లో ఎక్కింది. అయితే అక్కడ కూడా చూపుని ఎంత నమ్మాలో నెట్‌వర్క్ కాళ్ళ సమాచారంతో పోల్చుకునే తేల్చుకుంటుంది. ఏపుగా పెరిగిన గడ్డి లైడార్‌కి గట్టి నేలలా కనబడొచ్చు. పాదానికి ఆ భ్రమ ఉండదు. డిజైన్ డాక్యుమెంట్ చూసి కోడ్ పనిచేస్తోందని మనం సంతకం పెడతామా? రన్ చేసి చూస్తాం. పాదం చేసేది ఆ పనే.

ఇదంతా ల్యాబు గొడవ అనుకోకండి. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. ఇలాంటి రోబో ఉండుంటే బతికేవాళ్ళని నేననను, అది అబద్ధమవుతుంది. కానీ బురద, నీళ్ళు, చీకటి ఉన్నచోటికి మనిషి బదులు యంత్రాన్ని పంపాలంటే, లెన్సు మీద బురద పడగానే ఆగిపోయేది మనకెందుకు?

కాబట్టి రోబోలు కొనేవాళ్ళకీ, వాటికి డబ్బు పెట్టేవాళ్ళకీ, ముఖ్యంగా కోడ్ రాసే మనకీ ఒక్కటే మాట. ఈసారి డెమో చూపిస్తామంటే దాని కళ్ళకి గంతలు కట్టి నడిపించమనండి. నడిస్తే అప్పుడు చప్పట్లు కొడదాం.

మీరేమంటారు?