డిజిపిన్, హైదరాబాదు పాతబస్తీ చిరునామాలు

డిజిపిన్ అనేది భారత తపాలా శాఖ ప్రవేశపెట్టిన పది అక్షరాల డిజిటల్ చిరునామా సంకేతం. తపాలా శాఖ దీనిని ఐఐటీ హైదరాబాదు, ఇస్రోకు చెందిన ఎన్.ఆర్.ఎస్.సి. (బాలానగర్, హైదరాబాదు) సంస్థల సహకారంతో రూపొందించినది. దీని ప్రయోగాత్మక రూపం 2024 జూలైలో ప్రజాభిప్రాయం కొరకు విడుదలైనది. ఎవరైనా తమ డిజిపిన్ తెలుసుకొనుటకు వీలుగా 2025 మే 27న ఒక వెబ్‌సైటు ప్రారంభమైనది. పెద్ద పూర్ణసంఖ్యను పొట్టిగా, వెబ్ చిరునామాలో ఇబ్బంది లేకుండా ఇమిడే అక్షరాలుగా మార్చే కంప్యూటరు పద్ధతికి ఇది మంచి ఉదాహరణ. ఇరుకు గల్లీలు గల హైదరాబాదు పాతబస్తీలో దీని ప్రయోజనాలు, పరిమితులు రెండూ స్పష్టంగా కనిపిస్తాయి.

నేపథ్యం

ఆరు అంకెల పిన్ కోడు 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చినది. చార్మినారు ప్రాంతపు పిన్ కోడు 500002. ఇది ఉత్తరాన్ని సరియైన తపాలా కార్యాలయానికి చేర్చగలదు కాని ఇంటి గుమ్మాన్ని చూపలేదు. హైదరాబాదు ఇంటి నంబరులో వార్డు, బ్లాకు, ఇల్లు అనే మూడు భాగాలు ఉంటాయి. ఇల్లు వాటాలుగా విడిపోయిన కొద్దీ నంబరు చివర /1, /ఎ వంటి తోకలు చేరుతాయి. అందువలన పాతబస్తీలో నంబరు చెప్పినా, ఫలానా దేవిడీ వెనుక, ఫలానా మసీదు ప్రక్క గల్లీ అని గుర్తులు కూడా చెప్పవలసి వస్తుంది. ఉత్తరం ఆలస్యమైతే నష్టం కొద్దిదే. 108 అంబులెన్సుకు దారి చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం ప్రతి నిమిషమూ విలువైనదే.

సంఖ్యలు, అక్షరాలు

ఇంటి నంబరులోని వాలుగీత (/) వెబ్ చిరునామాలో భాగాలను వేరు చేసే గుర్తు. దానిని ఉన్నదున్నట్లు వాడితే అర్థం మారిపోతుంది. తెలుగు లిపికి వేరొక చిక్కు ఉన్నది. యూనికోడులో "చార్మినార్" అనే పదానికి పది సంకేతాలు కావలెను. యూటీఎఫ్-8 పద్ధతిలో అవి 30 బైట్లు అవుతాయి. వెబ్ చిరునామాలో ఒక్కొక్క బైటును శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా వ్రాస్తారు కనుక మొత్తం పొడవు 90కి చేరుతుంది. ఈ కారణాల వలన సాఫ్టువేరులో ప్రతి వస్తువుకూ ఒక పూర్ణసంఖ్యను కేటాయించి, ఆ సంఖ్యను పొట్టి అక్షరాలుగా వ్రాసే పద్ధతి వాడుకలోకి వచ్చినది. వాడే గుర్తుల సంఖ్య పెరిగిన కొద్దీ పదం పొడవు తగ్గుతుంది.

పని చేయు విధానం

డిజిపిన్ పరిధి 2.5 నుండి 38.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 63.5 నుండి 99.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు గల చతురస్రం. దీనిని అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు చొప్పున 16 గడులుగా విభజించి, ఒక్కొక్క గడికి ఒక గుర్తు ఇచ్చారు. ప్రతి గడిని మరల అదే విధంగా పదవ స్థాయి వరకు విభజిస్తారు. చివరి గడి వెడల్పు ఇంచుమించు 3.8 మీటర్లు. మొత్తం గడులు 1,09,951 కోట్లకు పైగా ఉంటాయి. అంకెలలో వ్రాస్తే 13 స్థానాలు కావలసిన ఈ సంఖ్యలకు ఇక్కడ పది గుర్తులు సరిపోతాయి.

వాడిన గుర్తులు 2 నుండి 9 వరకు గల అంకెలు, సి, జె, కె, ఎల్, ఎం, పి, ఎఫ్, టి అనే ఆంగ్ల అక్షరాలు. ఓ, ఐ అక్షరాలతో పొరబడే 0, 1 అంకెలను వదలివేశారు. 64 గుర్తులు వాడినచో ఏడు స్థానాలే చాలును. కాని అప్పుడు పెద్దబడి, చిన్నబడి అక్షరాలను వేరుగా చూడవలసి ఉంటుంది. ఆ భేదాన్ని ఫోనులో చెప్పుట కష్టం. తెలుగు, ఉర్దూ రెండూ వినిపించే పాతబస్తీలో మూడు స్థానాల పొదుపు కంటె నోటితో చెప్పగలుగుటే మేలు.

చార్మినారు (అక్షాంశం 17.3616, రేఖాంశం 78.4747) డిజిపిన్ 422-537తో మొదలవుతుంది. ఈ ఆరు గుర్తులు ఒక కిలోమీటరు కంటె కొంచెం తక్కువ వెడల్పు గల గడిని సూచిస్తాయి. మక్కా మసీదు కూడా ఇదే గడిలో కలదు. మిగిలిన నాలుగు గుర్తులు కచ్చితమైన చోటును తెలుపుతాయి.

పరిమితులు

ఈ సంకేతంలో ఎత్తు లెక్కలోకి రాదు. మూడంతస్తుల ఇంటిలో ఒకదానిపై ఒకటి ఉన్న మూడు వాటాలకూ డిజిపిన్ ఒక్కటే. ఇరుకు గల్లీలలో ఉపగ్రహ సంకేతాలు గోడలకు తగిలి వస్తాయి కనుక, ఫోను చూపే స్థానం కొన్ని మీటర్లు తప్పి ప్రక్క ఇంటి గడిని చూపవచ్చును. ఆధార్ సంఖ్యలో వలె తప్పును పట్టే అంకె ఇందులో లేదు. చివరి గుర్తు తప్పితే కొన్ని మీటర్లే తేడా రావచ్చును గాని, మొదటి గుర్తు తప్పితే వందల కిలోమీటర్లు తేడా వస్తుంది.

సంకేతంగా మార్చుట వేరు, రహస్యంగా ఉంచుట వేరు. డిజిపిన్‌లో వ్యక్తి వివరాలేవీ ఉండవు. అయితే దాని సూత్రం బహిరంగం కనుక ఎవరైనా దానినుండి స్థానాన్ని తిరిగి రాబట్టగలరు. పేరు ప్రక్కన డిజిపిన్ వ్రాస్తే ఆ వ్యక్తి ఇంటి గుమ్మం చూపినట్లే.

డిజిపిన్ పాత చిరునామాకు బదులు కాదు, దానికి తోడు మాత్రమే. పాతబస్తీలో గల్లీ మొదటి వరకు డిజిపిన్, అక్కడి నుండి ఇంటి నంబరు, అంతస్తు కలిపి చెప్పినప్పుడే చిరునామా పూర్తి అవుతుంది.