మూడో ఏట విత్తనం ఎవరి చేతిలో?

వేంపల్లె మండలంలోని ఇడుపులపాయలో 2008 నుంచి రాజీవ్‌గాంధీ విజ్ఞాన, సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం, అంటే అందరూ పిలిచే ట్రిపుల్ ఐటీ, నడుస్తున్నది. కడప చెంత ఊటుకూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. వేరుశనగ రకాలకు పేరెన్నికగన్న కదిరి పరిశోధనా స్థానం పొరుగు జిల్లాలోనే ఉన్నది. ఒక మెట్ట మండలానికి ఇన్ని విజ్ఞాన సంస్థలు అందుబాటులో ఉండటం అరుదు. అయితే సంస్థల సామీప్యం దానంతటదే రైతు ఆదాయంగా మారదు. అలా మారాలంటే పరిశోధనా భాగస్వామ్యం కొత్త రకం విడుదలతో ఆగక, విత్తనం ఊరిలో నిలదొక్కుకునే వరకు సాగాలి.

ఇందుకు అనంతపురం అనుభవమే పాఠం. 1940లో విడుదలైన టి.ఎం.వి-2 రకాన్ని అక్కడి రైతులు ఆరు దశాబ్దాలకు పైగా వదలలేదు. దీనిని రైతుల మొండితనమని నిందించినవారు ఉన్నారు గాని, అది న్యాయం కాదు. ఇక్రిశాట్, వ్యవసాయ విశ్వవిద్యాలయం, స్థానిక స్వచ్ఛంద సంస్థ కలిసి రైతుల పొలాల్లోనే రకాలను పరీక్షకు పెట్టి, ఎంపికను వారికే వదిలినప్పుడు, త్వరగా కోతకొచ్చి బెట్టను కొంత తట్టుకునే ఐ.సి.జి.వి 91114 వారి మెప్పు పొందింది. కాయ దిగుబడితోపాటు కట్టె పశువులు ఇష్టంగా తినే మేత కావడం కూడా ఈ రకానికి కలిసివచ్చింది. దిగుబడి పట్టికలనే చూసే కంటికి ఆనని గుణమిది. పాడి మీద సగం సంసారం నడిపే ఇంటికి మాత్రం అదే ముఖ్యం.

రైతు మెచ్చిన తర్వాత అసలు చిక్కు విత్తనం దగ్గర మొదలవుతుంది. వరిలో విత్తనం ఒక తరంలో సుమారు 80 రెట్లవుతుంది. వేరుశనగలో 8 రెట్లే. ఒక క్వింటా మూల విత్తనం మూడు తరాలకు వరిలో 5,12,000 క్వింటాళ్లు కాగలిగితే, వేరుశనగలో 512 క్వింటాళ్ల దగ్గరే ఆగుతుంది. పైగా ఎకరాకు పట్టే విత్తనం ఎక్కువ. కాయ బరువు, రవాణా ఖర్చు సరేసరి. రైతు తన పంటనుంచే తిరిగి విత్తుకోగలడు కాబట్టి ప్రైవేటు కంపెనీలకు ఇందులో పెద్ద ఆసక్తి ఉండదు. ఈ ఖాళీని ఊరి విత్తన సంఘాలే పూరించాలి. ఒప్పందాలలో వాటికి చోటు దక్కాలి.

ఇడుపులపాయ విద్యార్థుల పాత్ర ఇక్కడే. విత్తనపు కాయను 9 శాతం తేమకు మించకుండా ఆరబెట్టాలి. నిల్వలో పురుగు పట్టకుండా చూడాలి. బూజు విషం అఫ్లటాక్సిన్ చేరకుండా కాపాడాలి. ఇవన్నీ ఇంజనీరింగ్ సమస్యలే. చౌకైన తేమమాపకం, సౌర ఆరబెట్టు యంత్రం, గాలి చొరబడని నిల్వ సంచుల పరీక్ష వంటివి చివరి సంవత్సరపు ప్రాజెక్టులు కావచ్చు. విద్యార్థులలో అధికులు గ్రామీణ కుటుంబాల పిల్లలే గనుక కళ్లం వారికి కొత్త కాదు. తగిన మార్కులు, వేంపల్లె రైతుల పర్యవేక్షణ రెండూ ఉంటేనే ఆ పని అక్కరకు వస్తుంది.

అయితే విత్తన సమస్య తీరినంత మాత్రాన ఆదాయం ఖాయమనుకోరాదు. కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి ఇందుకు సాక్ష్యం. చిన్న గడ్డ, ఘాటు ఎక్కువ. మన వంటింట్లో గిరాకీ తక్కువ, మలేషియా, సింగపూర్ వంటి దేశాలే దీని అంగడి. 2020 సెప్టెంబరులో ఎగుమతులు నిషేధించగానే ఆ దారి మూసుకుపోయింది. అక్టోబరులో 10,000 టన్నులకు మినహాయింపు దక్కింది. పంట ఎంత బాగా పండినా, ధర ఇంకెక్కడో నిర్ణయమయ్యే చోట మార్కెటింగ్ శాఖ, ఎగుమతిదారు లేని భాగస్వామ్యం అసంపూర్ణం.

కాబట్టి వేంపల్లెలో కుదిరే ఏ ఒప్పందంలోనైనా ప్రచురణల మీద హక్కు ఎవరిదో రాసుకున్నంత వివరంగా మరికొన్ని విషయాలు రాయాలి. మూల విత్తనం ఏ సంఘానికి, ఎంత, ఏ ఏడు చేరుతుంది? కరువొస్తే ఆ నిల్వను తిరిగి నింపే ఖర్చు ఎవరిది? నిధులు ఆగిన మూడో ఏట గోదాము తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? కృషి విజ్ఞాన కేంద్రం ఈ ప్రశ్నలను ఖరీఫ్‌కు ముందే రైతుల ముందు పెట్టి, వారి జవాబులను ముసాయిదాలో చేర్చిన తర్వాతే సంతకాలకు పంపాలి.