ఇటుకపై పేరు

యాంగ్జీ నదీతీరాన వెలసిన నాన్జింగ్ నగరంలో మార్గదర్శకుని వెంట నడిచే యాత్రికులు తప్పక ఆగే స్థలం మింగ్ వంశపు ప్రాకారం. 14వ శతాబ్దంలో నిర్మించిన ఆ గోడ నేటికీ సుమారు 25 కిలోమీటర్ల మేర నిలిచి ఉంది. అందరూ దాని ఎత్తును చూసి ఆశ్చర్యపోతారు. అయితే దగ్గరకు వెళ్లి ఇటుకలను పరిశీలించాలి. ఏ ప్రాంతంలో తయారైంది, ఏ అధికారి పర్యవేక్షించాడు, ఎవరు చేశారు అన్న వివరాలు ఎన్నో ఇటుకలపై ముద్రితమై ఉన్నాయి. లోపముంటే బాధ్యుడెవరో తెలిసేది.

యునాన్‌లోని ముస్లిం కుటుంబంలో జన్మించిన నౌకాధిపతి జెంగ్ హి ఓడలనూ ఈ నగరంలోనే నిర్మించారు. 1405–1433 మధ్య ఏడు యాత్రలు సాగించి, మన కాలికట్‌కూ వచ్చిన ఆయన పేర ఇక్కడి నియుషౌ కొండవద్ద సమాధి ఉంది. అందులో ఆయన దేహం లేదని చరిత్రకారులలో పలువురి అభిప్రాయం.

సోదర సోదరీమణులారా! పాలు కొలిచే చేతికీ, బట్ట కుట్టే సూదికీ, పాఠం చెప్పే నాలుకకూ ఎవరూ ముద్ర వేయరు. ఆ పనులు కూడా అమానతే. తనిఖీ చేసేవారు లేనిచోట సైతం, పేరు చెక్కి ఉన్నట్లే పని చేయడం మన పిల్లలకు ఇంట్లోనే అలవాటు చేయాలి.