దీవాన్‌ఖానాకు ముందు బావర్చీఖానా



ముందు నా తప్పు నేనే చెప్పుకుంటాను. మూడేళ్ల కింద జగిత్యాలలో మా జిందగీలో మొదటి సొంత మకాన్ కొన్నాం. ముందర పాత స్లాబు, వెనక బెంగళూరు పెంకల అర్రలు రెండు, మధ్యలో సెహన్. మరమ్మతుకు చేతిలో మిగిలింది నాలుగు లక్షలు. అందులో లక్షా అరవై వేలు దీవాన్‌ఖానాకే పెట్టాను. ఫాల్స్ సీలింగు, మెరిసే టైల్స్, టీవీ వెనక డిజైను గోడ. ఈద్‌కు వచ్చే మెహమాన్లు ఏమనుకుంటారో అన్నదే నా ఫికర్.

బేగం ఒక్కటే అడిగింది: "మెహమాన్లు నెలకు ఎన్నిసార్లు వస్తరు? నేను బావర్చీఖానాల రోజుకు ఎన్ని గంటలుంట?"

నవ్వి ఊరుకున్నాను.

మిర్గం దాటి వానలు పడ్డాయి. స్లాబు ఉరిసింది. కొత్త సీలింగు మీద ముందు మరక కనబడింది, తర్వాత ఒక ముక్క ఊడి సోఫా మీద పడింది. ఆ వానల్లోనే ఫజర్‌కు వజూ చేసుకుందామని లేచిన అమ్మీ, సెహన్ దాటి గుసల్‌ఖానాకు పోతూ తడి మెట్టు మీద జారింది. అక్కడ బల్బు లేదు. మణికట్టు విరిగింది. ఆ మెట్టు సరిచేసి బల్బు పెట్టడానికి మూడు వేలు కూడా కావు. దవాఖానాలో ఎంతయిందో రాయాలంటే సిగ్గుగా ఉంది.

అందుకే నా రాయ్ ఇది. ఏ అర్రలో ఇంటివాళ్లు ఎన్ని గంటలు గడుపుతారో లెక్కపెట్టి, ఆ వరుసలోనే పైసలు పెట్టాలి. మన ఇండ్లలో లెక్క తలకిందులుగా నడుస్తోంది.

కోరుట్లలో మా ఖాలా బిడ్డ ఉంది. ఆమె షోహర్ గల్ఫ్‌లో పనిచేస్తాడు. వీడియో కాల్‌లో హాలు టైల్స్ రంగు ఆయనే ఎంచాడు. ఆమె మాత్రం పొద్దంతా వెనక అర్రలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తుంది. కిటికీ లేదు. తంబాకు దుమ్ము బయటికి పోయే తోవ లేదు. "భాయ్‌జాన్, ఓ కిటికీ పెట్టియ్యమంటే, హాలు అయినంక చూద్దామన్నడు" అంది. ఎడారి ఎండలో పనిచేసి పంపిన పైసలవి, ఆయన మొహబ్బత్‌ను శక్ చేయను. కానీ ఫోన్‌లో ఆయనకు కనబడే ఇల్లు ఒకటి, ఆమె బతికే ఇల్లు ఇంకొకటి.

సిరిసిల్లలో నా దోస్త్ ఒకడు సాంచాలు నడుపుతాడు. ఆర్డర్లుంటే పైసలు, లేకుంటే సాంచాలు బంద్. అందుకే ఇల్లంతా ఒకేసారి తవ్వడు. ఒక సీజన్‌కు ఒకటే పని. మొదటి సారి ఇంటి కరెంటు లైను, సాంచాల లైను వేరు చేయించాడు. మరుసటి సారి గుసల్‌ఖానా. హాలుకు ఇప్పటికీ పాత సున్నమే. "మెహమాన్లకు చాయ్ మంచిగుంటే చాలు" అంటాడు.

నా నాలుగు లక్షలు మళ్లీ చేతికొస్తే ఇలా పెడతాను. ముందుగా ఎనభై వేలు పక్కన. పాత గోడ పగలగొడితే లోపల ఏముందో మేస్త్రికీ తెలియదు. తర్వాత పైకప్పుకు తొంభై వేలు: స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్, కోతులు కదిలించిన పెంకలకు మరమ్మతు, అదీ మిర్గానికి ముందే. వైరింగు, పైపులకు ఎనభై వేలు. ఇందులో ఎర్తింగు, షాక్ కొడితే కరెంటు కట్ చేసే ముప్పై మిల్లీ యాంపియర్ల ఆర్సీసీబీ తప్పనిసరి. బావర్చీఖానా, గుసల్‌ఖానాలకు లక్షా పది వేలు. చివరి నలభై వేలతో రంగులు. ఫాల్స్ సీలింగు ఈ లెక్కలో లేదు.

రేట్లు ఊరికో తీరు, కాబట్టి నా అంకెలకన్నా వరుస చూడండి. పాత ఎస్టిమేట్‌ను కూడా నమ్మకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. దుకాణంలో తాజా ధర అడగండి. మేస్త్రితో కూలి వేరు, సామాను వేరు అని కాగితం మీద రాసుకోండి. పని ఎంత అయితే పైసలు అంత.

పైసలు చాలకపోతే? హాలు మెరుపు కోసం సూద్ అప్పు నెత్తిన పెట్టుకోవడం కన్నా ఒక ఏడాది ఆగడం మేలు. అన్నదమ్ముల దగ్గర ఖర్జె హసన తీసుకుంటే అదీ రాసుకోండి. సూరె బఖరా 282వ ఆయత్ ఖర్జ్‌ను రాసి, గవాహీ పెట్టుకోమంటుంది. మనం "ఇంట్లోవాళ్లేగా" అని షరమ్‌తో వదిలేస్తాం, తర్వాత అదే రిష్తాలు తెంపుతుంది.

గల్ఫ్‌లో ఉన్న భాయీలకు ఒక గుజారిష్. ఈ జుమ్మా రోజు ఇంటికి ఫోన్ చేసినప్పుడు, హాలు చాలు, ఫోన్ వెనక్కు తీసుకుపొమ్మనండి. అమ్మీ వజూ చేసే చోటు చూపించమనండి. బీబీ పొయ్యి కాడ పైకి చూడండి, కప్పు మీద మరక ఉందేమో. ఆ తర్వాతే టైల్స్ రంగు మాట్లాడండి.

ఖుదా హాఫిజ్.